ఈశాన్యంలో లేని నీళ్లు

2024 ఏప్రిల్. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక లేడీస్ హాస్టల్. నేను హైడ్రోజియాలజిస్ట్‌ని, అంటే భూమి లోపల నీళ్లు ఎక్కడున్నాయో వెతికి బోరు పాయింట్ పెట్టేదాన్ని. పంజాగుట్టలో నా ఆఫీసు. పుట్టిల్లు నల్లగొండ వైపు కాబట్టి ఎండిన బోరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నీళ్లు కరువైన చోట పెరిగిన వాళ్లకు ఓపిక ఎక్కువంటారు. నా విషయంలో అది పచ్చి అబద్ధం. కోపం ముక్కు మీదే ఉంటుంది.

నన్ను పిలిచింది హాస్టల్ యజమానురాలు సత్యవతి గారు. కోనసీమ మనిషి. భర్త పోయాక ఈ హాస్టలే ఆవిడకు ఆధారం. నేను వెళ్లేసరికి అమ్మాయిలంతా గేటు దగ్గర ట్యాంకర్ కోసం నిలబడి ఉన్నారు. ఒక చేతిలో బకెట్, రెండో చేతిలో కోచింగ్ నోట్సు.

"ఆదివారం దాకా చూస్తానమ్మా. అప్పటికీ నీళ్లు పడకపోతే హాస్టల్ మూసేస్తాను. ట్యాంకర్ ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. ఆడపిల్లల్ని ఇలా ఉంచడం పాపం కాదూ?" అన్నారావిడ.

ఆ మాట విని వరసలోంచి ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. పేరు సునీత. ఖమ్మం నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుతోంది.

"పరీక్ష దగ్గరికొచ్చింది ఆంటీ. నాకు వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరి ఛాన్సు. ఇప్పుడు ఇంటికెళ్తే నాన్న మళ్లీ పంపరు. ప్రభువా, ఎంత ప్రార్థన చేస్తున్నానో!" అని ఏడుపు మొదలెట్టింది.

జాలేస్తే నేను కసురుకుంటాను. "ఏడిస్తే బోర్ల నీళ్లొస్తయా? ముందు పాత బోర్లు ఎక్కడేసిండ్రో చూపించుర్రి," అన్నాను.

చూపించారు. స్థలానికి ఈశాన్యం మూల మూడు బోర్లు, పక్కపక్కనే. మూడూ ఎండినవే. వాటిని ఆనుకుని ప్రహరీ గోడ కింద గేదె పడుకున్నంత నల్లబండ, దాని మీద అందంగా రంగు కూడా వేశారు.

"వాస్తు ప్రకారం నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలి కదమ్మా. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసే ఆయన్ని కూడా పిలిపించాను. కాయ అక్కడే లేచి నిలబడింది," అన్నారు సత్యవతి గారు.

"ఆయనను ఈశాన్యంలనే నడిపించిండ్రు కద, ఇంకెక్కడ నిలవడ్తది? బండ బయటికొచ్చి నేనిక్కడున్న అని మొత్తుకుంటుంటే, దాని పక్కనే మూడు సార్లు పొడిచిండ్రా అమ్మా!"

ఆవిడ మొహం చిన్నబోయింది. కానీ ఆవిడనొక్కదాన్నీ అనడానికి లేదు. ఆ సందులో అందరి బోర్లూ ఈశాన్యంలోనే ఉన్నాయి, దాదాపు అన్నీ ఎండిపోయాయి. మన నగరం గ్రానైట్ మీద కూర్చుంది. గట్టి బండ నీళ్లు తాగదు. పైన బండ చివికి మొరంగా మారిన పొర ఉంటుంది, దాన్ని వెదర్డ్ జోన్ అంటాం. నీళ్లు ఆ మొరంలో నిలుస్తాయి, దాని కింద బండలో పగుళ్లుంటే అక్కడ దాక్కుంటాయి. ఆ పగుళ్లకు మన దిక్కులతో పని లేదు.

"వానకాలం ఈ సందుల నీళ్లు ఎటు వోతయి?" అని అడిగాను.

సునీత కళ్లు తుడుచుకుని, "వెనక మెట్ల దగ్గరికండి. మా స్కూటీలు సగం మునుగుతాయి. అక్కణ్ణుంచి నాలాలోకి పోతాయి," అంది.

వెనక మెట్లంటే నైరుతి మూల. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే రెసిస్టివిటీ సర్వే పెట్టాను. భూమిలోకి కరెంటు పంపి, లోపలి పొరలు దాన్ని ఎంత అడ్డుకుంటున్నాయో కొలిచే పరీక్ష అది. ఎండు బండ బాగా అడ్డుకుంటుంది, తడి పొర దారిస్తుంది. ఊళ్లో కింద పైపులు, కేబుళ్లు ఉంటే రీడింగ్ మోసం చేస్తుంది. అందుకని సందు పొడవునా మట్టి దొరికిన చోటల్లా కడ్డీలు దిగ్గొట్టించి, రెండు వరసల్లో చూశాను. రెండు సార్లూ నైరుతి మూలే పలికింది. అక్కడ మొరం లోతుగా ఉంది, దాని కింద బండ పగిలి ఉంది.

చెప్పగానే సత్యవతి గారు చెవులు మూసుకున్నారు.

"నైరుతిలో గొయ్యా? అమ్మో! యజమానికే గండం అంటారు. ఈ ఇంటికి యజమానిని నేనే కదమ్మా!"

అరవబోయి ఆగాను. ఆవిడ మెట్ల మీద చతికిలబడ్డారు. నేనూ ఆవిడ పక్కనే కూర్చున్నాను.

"మీ ఊళ్లె నీళ్లు ఎటునుంచి వస్తుండె అమ్మా?"

"కాలవలోంచి. మా ఇంటికి పడమట పక్క. వీధి గుమ్మం కూడా కాలవ వైపే. మా ఊళ్లో ఇళ్లన్నీ అంతే, కాలవ ఎటుంటే అటే తిరిగుంటాయి. చేతిపంపు కొట్టుకుంటే చాలు, నీళ్లు బుడబుడమనేవి."

"మరి పడమటి నీళ్లని తాగుడు మానేసిండ్రా?"

ఆవిడ లేదన్నట్టు తల ఊపారు.

"గోదావరి మట్టి మోసుకొచ్చి మీకు ఊరు కట్టిచ్చింది. కాలవ ఎటు వోతే మీరు అటు తిరిగిండ్రు. మాకు గట్లెవరు ఇయ్యలె. బండల మీద వాన ఉరికి పోతుంటే, మా పెద్దలు పల్లం చూసి కట్టపోసి చెరువులు చేసిండ్రు. చెరువు ఏడుంటే ఊరు ఆడ పుట్టింది. మీ ఊరైనా మా ఊరైనా నేల చెప్పినట్టు విన్నంకనే నిలవడ్డది. మీరు కోనసీమ వదిలి బండల మీదికొచ్చిండ్రు. జర గీ నేల మాట సుత వినుర్రి."

ఆవిడ తనలో తాను అనుకున్నట్టు, "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని మా నాన్న అనేవారు," అని లేచి కొంగు బిగించారు. "వెయ్యండమ్మా. నాకొచ్చే గండం నేను చూసుకుంటాను. ఈ పిల్లలు మాత్రం పరీక్ష రాయాలి."

ఆ క్షణాన ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

బోరు వెయ్యడానికి అనుమతి కాగితం చేతికొచ్చేసరికి శనివారమైంది. నాతో పనిచేసే యాదగిరి తన చిన్న రిగ్గు, అంటే బోరు వేసే బండి, సందులోకి తెచ్చేసరికి సగం అమీర్‌పేట ఆగిపోయింది. పని మొదలైంది. మొదట ఎర్రమట్టి, తర్వాత మొరం. మొరం కూలి గుంతలో పడకుండా కేసింగ్ పైపు దించారు. బండ తగిలింది. ఇక మొదలైంది తెల్లదుమ్ము. మిల్లులో పిండి లేచినట్టు లేచి బాల్కనీల్లో అమ్మాయిల తలల మీద పడింది. ఎంతసేపైనా దుమ్మే. సత్యవతి గారు చూడలేక దేవుడి గదిలోకి వెళ్లిపోయారు.

యాదగిరి దగ్గరికొచ్చాడు. "మేడం, మస్తు గట్టి బండ. ఆపుదమా?"

"నా లెక్క ప్రకారం పగులు ఇంకా కిందికున్నది. ఇంకో రాడ్డు దించన్నా."

"మీ ఇష్టం. గని ఆమె మొహం నేను చూడలేను."

నేనూ చూడలేను. రాడ్డు దిగింది. ఉన్నట్టుండి రిగ్గు చప్పుడు మారింది. ఆ చప్పుడు కోసమే నేను ఈ వృత్తిలో బతుకుతున్నాను. దుమ్ము ఆగింది. గుంత బూడిద రంగు బురద ఉమ్మింది. ఆ వెంటనే భళ్లున నీళ్లు లేచి మెట్లన్నీ తడిపి, నన్ను నిలువునా ముంచేశాయి!

"పడ్డయ్ మేడం! మస్తు నీళ్లు!" అని యాదగిరి గంతులేశాడు. బాల్కనీల్లోంచి ఈలలు, కేకలు. సునీత మెట్లు దిగి ఆ బురదలోకే దూకింది. "మేడం, దక్కను పీఠభూమి అని రోజూ బట్టీ పడుతున్నాను. దాని మీదే బకెట్ పట్టుకుని నిలబడ్డానని ఇవాళ తెలిసింది!" అని నన్ను కావలించుకుంది. సత్యవతి గారు పరుగున వచ్చి, పసుపు కుంకుమలతో కేసింగ్ పైపుకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. "కాయకి అసలు పని ఇదమ్మా," అన్నారు నవ్వుతూ, ఏడుస్తూ.

ఆదివారం హాస్టల్ మూతపడలేదు. ఒక్క అమ్మాయి కూడా ఊరెళ్లలేదు. డాబా మీది వాన నీళ్లు ఆ మూలకే ఇంకేలా గుంత తవ్వించాక గానీ నేను వాళ్లను వదల్లేదు. తీసుకున్నది నేలకు తిరిగివ్వాలి కదా. సునీత పరీక్ష రాసింది, ఇప్పుడు సర్కారు ఆఫీసులో పని చేస్తోంది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. మనుషులు ఎక్కడికెళ్లినా పుట్టిన నేలను వెంట తెచ్చుకుంటారని అర్థమైంది. అందుకే ఇప్పుడు బోరు పాయింట్‌కి వెళ్తే ముందు, "మీదే ఊరు, అక్కడ నీళ్లెలా వచ్చేవి?" అని అడుగుతాను. మిషను ఆ తర్వాతే తీస్తాను.

మొన్న ఆ సందులోకి వెళ్లాను. పక్కింటాయన కొబ్బరికాయ మనిషిని వెంటబెట్టుకుని ఈశాన్యం మూల తిరుగుతున్నాడు. గోడ ఇవతల నుంచి సత్యవతి గారు కేకేస్తున్నారు: "ఏంటండీ అది! బండ బయటికొచ్చి మొత్తుకుంటుంటే వినబడట్లేదా? ముందు వాన నీళ్లు ఎటు పోతాయో చూడండి!"

నా కోపం కూడా ఆవిడకు అబ్బింది. నేను గేటు దగ్గర నిలబడి కడుపారా నవ్వుకున్నాను.