ఇత్తడి మీద పేరు

తోంగ్‌పాల్ ఊరు దాటాక, బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ సంచిలోంచి సన్నాయి తీసింది. దాని ఇత్తడి గరాటు మీది గీతలను ఉప్పుకాగితంతో రుద్దసాగింది. మెరుగు పెడుతోందనుకున్నాను. వంగి చూస్తే, ఆ గీతలు ఎవరో మేకుతో హిందీలో చెక్కుకున్న పేరు.

"ఎవరి పేరమ్మా?" అని అడిగాను.

"నా కొడుకుది. పోయిన వానకాలం పిడుగు పడి పోయిండు. సచ్చినోని పేరుంటే ఎవరూ ఊదరంట."

ఆమె సన్నాయిని నా ముందుకు చాపింది.

"నాకు సదువు రాదు బాబూ. ఇంకేమన్న కనబడుతుందా?"

"మొదటి అక్షరం ఉందమ్మా."

ఆమె దాన్ని వేలితో తడిమింది. తర్వాత ఉప్పుకాగితం నా చేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగింది.

"అది నువ్వు రుద్దు," అంది.

రుద్దాను. ఇంటికొచ్చి ఎంత కడిగినా చేతులకంటిన ఇత్తడి వాసన పోలేదు.