నారింజ తోటల ఊళ్లో నేను చేసిన బేరం

ఆ ఊరు మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది. ఒక పక్క నీళ్లు, మిగతా అన్ని పక్కలా నారింజ తోటలు. గోదావరిఖనిలో కిరాణా దుకాణం గల్లా దగ్గర పెరిగిన నేను అక్కడికి కాయలు కోయడానికి పోయానంటే మా బజారులో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. నాతో వచ్చిన పెద్దవయసు మనిషిని కాకా అని పిలిచేవాణ్ణి, అతనిది బెల్లంపల్లి. బొగ్గు బాయి మూతపడి, కాంట్రాక్టు పని పోయినవాడు. కోతలు అయ్యేలోగా ఎవరైనా రైతు మమ్మల్ని పనిలో పెట్టుకుంటున్నట్టు కాగితం రాసివ్వాలి. లేకపోతే తిరిగి ఇంటికే.

తెల్లవారగానే కూలీలందరం చర్చి ముందు కూడలిలో నిలబడేవాళ్లం. వ్యాను మనిషి వేలు చూపినవాళ్లు ఎక్కాలి. వారం పాటు మా మీద ఎవరి వేలూ పడలేదు. ఎనిమిదో రోజు కాక అరచేతులు ఒక వ్యాను మనిషి తిప్పి చూసి, కోతలన్నాళ్లూ పని, కాగితం కూడా ఇస్తానని సైగలతో చెప్పాడు. నావి తక్కెడ పట్టిన చేతులు. వాటిని చూడనైనా లేదు.

ఇద్దరం వస్తాం, లేదా ఇద్దరం రాం అని నేను రెండు వేళ్లు చూపించి, కాక చెయ్యి పట్టుకుని నడిచాను.

"ఎటు గుంజుతున్నవ్‌రా?"

"వెనకకు చూడకు కాకా. నాలుగడుగులేస్తే వాడే పిలుస్తడు. మా దుకాణంల రోజూ గిదే కత."

"పిలువకుంటే?"

"ఎందుకు పిలువడు?"

వ్యాను తలుపు పడిన చప్పుడైంది. కాక చోట్లో ఇంకెవరో కూర్చున్నారు. మా బజారులో బేరం వదిలి నడిచేది కొనేవాడు, వెనక్కి పిలిచేది అమ్మేవాడు. ఆ కూడలిలో కొనేవాడు ఒకడే, అమ్ముడుపోవలసింది మేమంతా. ఈ తేడా నాకు తెలియదా? తెలుసు. కాక ఎక్కితే నేనొక్కణ్ణే మిగులుతానన్న భయంతో తెలియనట్టు నటించాను.

"నన్నొక మాట అడుగకపోతివి," అన్నాడు కాక.

"నీ కోసమే చేసిన కాకా. ఒక్కనివే అంత దూరం ఎట్ల పోతవు?"

నమ్మాడు. తిట్టినా బాగుండేది.

ఆ వ్యాను మనిషి మళ్లీ మావైపు చూడలేదు. పని కోసం చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాం. గుట్టల్ని మెట్లుగా చెక్కి చెట్లు పెట్టారక్కడ. కాక ఒకచోట ఆగిపోయాడు. "గుట్టను గిట్ల గూడ కోస్తరా," అన్నాడు. తోటలు ఖాళీ అయ్యాయి. ఇద్దరం ఒకే విమానంలో తిరిగొచ్చాం.

కాక ఇప్పుడు మంచిర్యాలలో ఒక అపార్టుమెంటు ముందు వాచ్‌మన్. మొన్న ఒక పెళ్లి బంతిలో నా పక్కనే కూర్చున్నాడు. ఎదుటి మనిషికి నన్ను చూపించి, "పరాయి దేశంల నన్ను ఒక్కణ్ణి పోనియ్యలే, నా కోసం కొట్లాడిండు," అని చెప్పాడు.

నేను దిద్దలేదు. ఇంకొంచెం పప్పు వేయమని ఆకు ముందుకు జరిపాను.