గరాచర్మ నుంచి మారథాన్ దాకా

ఇది మా పోర్ట్ బ్లెయిర్ మారథాన్ మహాగాథ. చెమట, కన్నీళ్లు, గెలుపు అన్నీ ఉంటాయి. అని మొదలుపెట్టాను గానీ, నిజానికి ఇది బస్సు రాని ఒక తెల్లవారుజాము సంగతి.

మొదటి ఏడాది పరుగెత్తింది గుప్పెడు మందిమి. రోడ్డు మూయలేదు. అబర్డీన్ బజార్ దగ్గర బస్సు కండక్టర్ తల బయటపెట్టి, "అరే భయ్యా, బస్సు తప్పిపోయిందేటి? ఎక్కు, జల్దీ!" అన్నాడు. ఏటేటా జనం పెరిగారు. చెన్నై నుంచి, కోల్‌కతా నుంచి విమానాల్లో దిగారు. ఈ ఏడు ఏకంగా రోడ్లే మూసేశారు. చెన్నైవాళ్లు చేరుకున్నారు, ఊరి చివర గరాచర్మలో ఉండే నాకే దారి లేదు.

అయిదున్నరకి జెండా ఊపుతారు. ఈసారి నలభై రెండు కిలోమీటర్లూ పూర్తి చేస్తానని వీధంతా చెప్పుకున్నాను. మా ఇంటి ఎదుటి బస్టాపులో కూర్చుంటే కాళ్లు ఊరుకోవు, నిలబడితే వాచీ ఊరుకోదు. నాలుగున్నరకి ఇక ఆగలేక పరుగందుకున్నాను.

గుమ్మంలో వల సర్దుకుంటున్న నాన్న అరిచాడు: "పరుగెట్టడానికి పరుగెట్టుకుంటూ ఎల్తావేట్రా? అక్కడికెల్లేక కూకోడానికి కుర్చీ అడుగు!"

చేరేసరికి ఇంకా మూడు నిమిషాలుంది. రొప్పుతూ, ఛాతీకి తగిలించుకునే నంబరు ఇమ్మన్నాను; అది లేనిదే పరుగులోకి రానివ్వరు. బల్ల దగ్గరున్న దీదీ గోడమీది నోటీసు చూపించింది. నంబర్లు ముందురోజు సాయంత్రం అయిదు గంటల వరకే ఇవ్వబడును.