చక్రానికి బంతిపూల దండ

నా చిన్నప్పుడు మా పక్కింట్లో ఒక కారు ఉండేది. ఏడాది మొత్తంలో దసరాకి మాత్రమే అది నేల మీద నిలబడేది. మిగతా రోజులన్నీ టైర్లకి తేమ తగలకుండా కొబ్బరి కొట్టులో దుంగల మీద ఎక్కి కూర్చునేది. ఇద్దరే పట్టే కారు. పైన కప్పు లేదు. ముందుభాగం పొడుగ్గా, వెనకభాగం పొట్టిగా, పందెంలో పరిగెత్తడానికి ముందుకు వంగిన మనిషిలా ఉండేది. కుంకుమ రంగు. మా కోనసీమ పల్లెలో అలాంటి బండి ఎందుకని ఊరంతా నవ్వేవారు. బస్తా వెయ్యడానికి చోటు లేదు, పెళ్ళివారిని ఎక్కించుకోడానికి లేదు, వానొస్తే గొడుగు పట్టుకు కూర్చోవాలి.

ఆ కారు పక్కింటి పెదనాన్నగారిది. మాకు ఆయనతో చుట్టరికమేమీ లేదు. గోడ ఒకటే కాబట్టి ఆయన పెదనాన్నగారు, ఆవిడ పెద్దమ్మగారు, వాళ్ళమ్మాయి నాకు అక్క. యానాం నుంచి ఫ్రెంచి వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఒక దొర దగ్గర ఆయన ఆ కారు కొన్నారట. రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిచిన పంటు మీద గోదావరి దాటించి తెచ్చారట. రేవులో దిగుతుంటే ఎవరో ముసలావిడ దానికి దిష్టి తీసిందని మా అమ్మ చెప్పేది.

ఆ కారు ఈ మధ్య మళ్ళీ బయటపడింది. అందుకే ఇది రాస్తున్నాను. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం మరుపు కాదు.

దసరాకి ముందు రోజు పెదనాన్నగారు పాలేరుని సాయం పెట్టుకుని కారుని దుంగల మీంచి దించేవారు. ఒక్కో చక్రం మధ్యలో రెండు చెవులున్న పెద్ద నట్టు ఉండేది. పైన తళతళలాడే పూత, లోపల ఇత్తడి. ఆ నట్టే చక్రాన్ని పట్టి ఉంచేది. ఆయన కొయ్యసుత్తి తీసుకుని ఆ చెవుల మీద కొడుతూ బిగించేవారు. పక్కన గొంతుక్కూర్చుని చూసే మా పిల్లలకి, ఎటు కొడితే బిగుస్తుందో ఎటు కొడితే వదులవుతుందో చూపించేవారు కూడా. పండగ పొద్దున్న కారుకి పసుపు, కుంకుమ పెట్టి, చక్రాలకి బంతిపూల దండలు చుట్టి, ముందు నిమ్మకాయలు పెట్టేవారు. అవి నలుగుతుంటే మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. తరవాత ఊళ్ళో పిల్లల్లో ఒకరిని పక్కన కూర్చోపెట్టుకుని కాలువ గట్టు మీదుగా లాకుల దాకా వెళ్ళి వచ్చేవారు. ఏడాదికి ఒక్కరికే ఆ వైభోగం. నా వంతు అంతకు ముందే అయిపోయింది. సొంత కూతురిని మాత్రం ఆయన చివరికి ఉంచారు. పరాయి పిల్లలందరూ ఎక్కాక నువ్వు ఎక్కుదువుగాని అనేవారు. ఆ ఏడాది అక్క వంతు వచ్చింది. కొత్త ఓణీ కుట్టించుకుని, జడకి కుప్పెలు పెట్టించుకుని, వారం ముందు నుంచీ మా అందరినీ ఊరించింది.

పండగ ముందు రోజు మధ్యాహ్నం జీళ్ళ మనిషి వచ్చాడు. పాత ఇనుము, ఇత్తడి ఇస్తే నువ్వుల జీళ్ళు ఇచ్చేవాడు. ఇంట్లో నేను ఇవ్వదగినవన్నీ ఎప్పుడో ఇచ్చేశాను. ఆఖరికి మా నాయనమ్మ తమలపాకుల పెట్టె మూత కూడా. పెద్దవాళ్ళంతా భోజనాలు చేసి కునుకు తీస్తున్నారు. నేను కొట్టులోకి వెళ్ళాను. కొయ్యసుత్తి అక్కడే ఉంది. నాలుగు చక్రాలకీ ఉన్నాయి కదా, ఒకటి పోతే ఏమైందిలే అనుకున్నాను. పెదనాన్నగారు చూపించినట్టే కొట్టాను. నట్టు వచ్చి నా ఒళ్ళో పడింది. జీళ్ళ మనిషి దాన్ని చేత్తో తూచి చూసి, నేను ఎప్పుడూ చూడనన్ని జీళ్ళు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. వాటిని తినడానికి కూడా ఆ కారు సీట్లోకే వెళ్ళి కూర్చున్నాను.

అది చక్రం పట్టి ఉంచే నట్టని నాకు తెలియదని, చిన్నవాణ్ణని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ మర్నాడు పొద్దున్న బంతిపూల దండలు చుట్టే పని నాకిమ్మని పెద్దమ్మగారిని బతిమాలి మరీ తీసుకున్నాను. మూడు చక్రాలకి పల్చగా చుట్టాను. నాలుగోదానికి మధ్యభాగం కనబడకుండా ఒత్తుగా చుట్టాను. ఏమీ తెలియనివాడు అలా చుట్టడు.

నిమ్మకాయలు నలిగాయి. కారు కదిలింది. అక్క రాణిలా చెయ్యి ఊపుతూ వెళ్ళింది. మేం పిల్లలం వెనకాల పరిగెత్తాం. ఆపండి అని నేను ఒక్క కేక వేసి ఉండాల్సింది. వెయ్యలేదు. లాకుల దాకా బాగానే వెళ్ళింది. తిరిగి వస్తుంటే మలుపు దగ్గర ముందుచక్రం ఊడి, కారుని దాటుకుని, దండతో సహా దొర్లుకుంటూ వెళ్ళి కాలువలో పడింది. ఒక్క క్షణం అందరూ నవ్వారు. అంతలో కారు ముందుకి కూలబడింది. అక్క నుదురు అద్దం చట్రానికి కొట్టుకుంది. కొత్త ఓణీ అంతా రక్తం.

కాంపౌండరు వచ్చి కుట్లు వేశాడు. కనుబొమ మధ్యలో గీత మిగిలింది. అప్పటికే ఊరంతా పాలేరు మీద పడ్డారు. కారు దించేటప్పుడు సాయం ఉన్నది వాడే కాబట్టి నట్టు వాడే అమ్ముకుని తాగేశాడని ఒకడు, సారా కోసం యానాం వెళ్ళొచ్చాడు మొన్ననే అని ఇంకొకడు. పాలేరు కారుకే దణ్ణం పెడుతున్నాడు. నేను మా అమ్మ చీరకొంగు వెనకాల నిలబడ్డాను.

పెదనాన్నగారు అప్పుడు కారు సీటు వైపు చూస్తున్నారు. ఎర్రటి తోలు మీద నువ్వుగింజలు అతుక్కుని ఉన్నాయి. భుజం మీది కండువా తీసి వాటిని నెమ్మదిగా దులిపేశారు.

"వాణ్ణేం అనకండి. గ్రీజు రాద్దామని ఆ నట్టు నేనే తీశాను. మళ్ళీ పెట్టడం మరిచిపోయాను" అన్నారు.

పెద్దమ్మగారు ఆయన్ని అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. "మరిచిపోయారా? కారుకి నిమ్మకాయలు పెట్టడం గుర్తుంది, పూలు పెట్టడం గుర్తుంది, చక్రానికి నట్టు పెట్టడం గుర్తులేదూ? పెళ్ళి కావలసిన పిల్ల మొహం మీద గీత గీశారు కదండీ! ఇంకోసారి ఈ కారు గుమ్మం దాటిందంటే నేను బావిలో దూకుతాను."

ఆయన తల వంచుకుని అన్నీ విన్నారు.

మర్నాడు సాయంత్రం మా గోడ దగ్గరకొచ్చి నన్ను పిలిచారు. "ఒరే, ఆ నట్టు ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు. నీ కళ్ళు చురుకు. వచ్చి కాస్త వెతికి పెట్టు." ఇద్దరం కొట్టులో వెతికాం. ఆయన ఒకవైపు కొబ్బరి డొక్కలు జరిపేవారు, నేను ఇంకోవైపు జరిపేవాణ్ణి. ఉండుండి "దొరికిందా?" అని అడిగేవారు. "లేదండీ" అనేవాణ్ణి. సెలవులయ్యేదాకా రోజూ ఇదే. డొక్కల కింద తేళ్ళుంటాయని నన్ను జాగ్రత్తగా ఉండమనేవారు. అడగడంలో కోపం లేదు, ఎగతాళి లేదు. అడిగి, కాసేపు ఆగేవారు. ఆ ఆగడం నా కోసమేనని నాకు తెలుసు. నేను మరింత శ్రద్ధగా వెతికేవాణ్ణి.

ఆఖరి రోజున ఆయన నడుం పట్టుకుని లేచి, "పోన్లేరా" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "జీళ్ళు ఎక్కువ తినకు. పళ్ళు పుచ్చిపోతాయి."

ఆ మాట తప్ప ఆ విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు. కారుని దుంగల మీదకి ఎక్కించి, కాలువలోంచి తీసిన చక్రాన్ని గోడకి ఆనించారు. ఒలిచిన కొబ్బరికాయల డొక్కలు మొదట కారు చుట్టూ, తరవాత కారు మీద చేరాయి. దసరాలు వచ్చిపోయాయి. పిల్లలెవరూ లాకుల దాకా వెళ్ళలేదు. ఊళ్ళో వాళ్ళకి ఆయన మతిమరుపు పెదనాన్నగారయ్యారు. ఆయన చనిపోయినప్పుడు నేను కాకినాడలో ఉద్యోగంలో ఉన్నాను. పెద్దకర్మ భోజనాల్లో ఎవరో ఆ చక్రం కథ ఎత్తుకున్నారు. కారు ఇంటికి రాకముందే చక్రం కాలువలో స్నానం చేసిందని చెబితే పంక్తంతా నవ్వారు. నేనూ నవ్వాను. నా జీవితంలో ఇంతకంటే సిగ్గుపడాల్సిన పని ఇంకొకటి గుర్తు లేదు. నట్టు తీసినప్పుడు నేను పిల్లాణ్ణి. నవ్వినప్పుడు కాదు.

మొన్న వానాకాలం తరవాత అక్క ఫోన్ చేసింది. కొట్టు పడగొట్టి కొత్త షెడ్డు వేస్తున్నారు. పాత కార్లు వెతుక్కుంటూ తిరిగే కుర్రాడు ఒకడు రాజమండ్రి నుంచి వస్తున్నాడు, నువ్వూ వస్తే బాగుంటుందిరా, నీకు ఆ కారంటే ఇష్టం కదా అంది. వెళ్ళాను.

కూలీలు డొక్కలు తీస్తుంటే ముందు అద్దం చట్రం కనిపించింది, తరవాత స్టీరింగు. నేలవైపు రేకంతా తుప్పు. సీట్లలో ఎలకలు కాపరాలు పెట్టి ఖాళీ చేసి వెళ్ళాయి. ఆ కుర్రాడు చేత్తో దుమ్ము తుడిస్తే ఒకచోట కుంకుమ రంగు ఇంకా ఉంది. వాడి కళ్ళు చెమర్చాయి. "మామూలు కారు కాదండీ ఇది, స్పోర్ట్స్ కారు. నేను ఎన్ని రైసుమిల్లు గొడౌన్లు తిరిగానో ఇలాంటిదాని కోసం. ఇన్నాళ్ళు దీన్ని ఇలా ఎలా వదిలేశారండీ?"

"మాకు డొక్కలు పోసుకోడానికి బాగానే ఉండేది బాబూ" అని అక్క నవ్వింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. నవ్వితే కనుబొమ మధ్య గీత ఇంకా లోతుగా కనబడుతుంది. "మా నాన్నగారికి మతిమరుపు. చక్రం నట్టు తీసి మళ్ళీ పెట్టడం మరిచిపోయారు. అప్పుడు మూలపడింది."

కుర్రాడు వంగి మూడు చక్రాలూ చూశాడు, గోడకున్న నాలుగోదీ చూశాడు. "మరిచిపోతే ఇక్కడే ఎక్కడో ఉండాలి కదండీ. కొట్టంతా ఖాళీ అయింది, ఎక్కడా లేదే!" వాడు మామూలుగానే అన్నాడు. అక్క కూడా మామూలుగానే నా వైపు చూసింది. "నువ్వూ నాన్నగారూ రోజుల తరబడి వెతికారు కదరా. దొరకలేదా?"

పెదనాన్నగారు అడిగిన ప్రశ్నే అది. ఈసారి "లేదండీ" అనలేకపోయాను. దండతో సహా అంతా చెప్పాను.

అక్క తిట్టలేదు. అరుగు మీద కూర్చుని కారు వైపు తిరిగింది. "నా పెళ్ళిలో నగల పెట్టె తాళం నాన్నగారు అడిగితే, ఆయనకివ్వకమ్మా, మరిచిపోతారని నేనే అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు" అంది. అది నాకు చెప్పినట్టు లేదు. తరవాత లేచి లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. నాకు ఎప్పుడూ స్టీలు గ్లాసులో ఇచ్చేది. ఆ రోజు ఆ కుర్రాడితో పాటు నాకూ సాసరు పెట్టి పింగాణీ కప్పులో ఇచ్చింది. బయల్దేరుతుంటే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నన్ను ఒరే అని పిలిచిన మనిషి, గుమ్మంలో నిలబడి "వెళ్ళిరండి" అంది. ఆ తరవాత ఫోన్ రాలేదు. నేను చెయ్యలేదు. చెయ్యాలి.

ఇప్పుడు నాకూ వయసొచ్చింది. ఇంట్లో తాళంచెవి కనబడకపోతే, గ్యాస్ కట్టెయ్యకపోతే, "నాన్నగారే మరిచిపోయుంటారు" అంటాడు మా అబ్బాయి. కొన్నిసార్లు అది నిజం. చాలాసార్లు కాదు. కాదని చెప్పడానికి నోరు తెరుస్తాను. అప్పుడు ఎర్రటి సీటు మీద నువ్వుగింజలు దులుపుతున్న కండువా కళ్ళముందు కదులుతుంది. "అవున్రా, మరిచిపోయాను" అంటాను. తాళంచెవి పాటి మాటకే ఆ పూట నాకు అన్నం సయించదు. ఆయన కూతురి ముందు ఆ మాట అని, బతికినన్నాళ్ళూ దాని మీదే నిలబడ్డారు.