ఎదుటివాడి వకాల్తా పుచ్చుకోమన్న కొమురయ్యన్న

కొమురయ్యన్న ఇక లేరు. బుధవారం ఉదయం డ్యూటీ బస్సు కోసం నిలబడినవారు నిలబడినట్టే కుప్పకూలారు. వార్త విన్నాక కూడా నేను షిఫ్టు ముగిసేదాకా పనిచేశాను, మధ్యాహ్నం అన్నం తిన్నాను. దుఃఖం వస్తుందనుకున్నాను. ఇంకా రాలేదు.

రుసైల్‌లో మా ఫ్యాక్టరీకి ఆయన స్టోర్‌కీపర్. యౌవనంలో సమసమాజాన్ని స్వప్నించి అడవిబాట పట్టిన విప్లవకారుడు. కారాగారవాసం ముగిశాక బతుకుతెరువుకు ఒమన్ చేరారు. మేముండే లేబర్ క్యాంపులో అందరికీ ఆయన జడ్జి సాబ్. పట్టా లేదు, నల్లకోటు లేదు. శుక్రవారం సెలవునాడు మా రూమ్ ముందు చెప్పులు పెరిగాయంటే విచారణ మొదలైనట్టే.

ఒకసారి మేము రూములో దొంగచాటుగా వండుకునే హీటర్‌ను క్యాంపు ఇన్‌ఛార్జి పట్టుకుపోయాడు. ముందురోజు ఇన్‌ఛార్జి దగ్గర కనిపించిన మా రూములోని కడప ఖాజాయే చెప్పాడని, మాతోనే ఉండే రాజం అతని పెట్టెను వరండాలోకి విసిరేశాడు. చాడీకోరన్న పేరు పడితే ఖాజాకు ఇక ఏ రూములోనూ చోటుండదు.

"ముందుగాల ఖాజా ముచ్చట నువ్వు చెప్పు రాజం. వాడు అవునన్నంకనే నీది ఇంట," అన్నారు అన్న.

"వాని మాట నేనెందుకు చెప్తనే?"

"చెప్పరాకుంటే కేసు లేదు, పో."

రాజం లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "ఇన్‌ఛార్జి తానికి లీవు అడగవోయిండు. వాళ్లమ్మకు ఆపరేషనట. ఫోన్ల ఏడుస్తుంటే ఇన్న. లీవు ఇయ్యలే గావచ్చు."

"హౌ భాయ్, నై దియే. ఇయ్యలేదు," అన్నాడు ఖాజా.

రాజమే పెట్టెను లోపలికి మోసుకొచ్చాడు. హీటర్ సంగతి ఎవరు చెప్పారో నేటికీ తేలలేదు. అన్నకు అది పట్టనే లేదు.

ఈ పద్ధతి ఎక్కడ నేర్చారని అడిగాను.

"అడవిల ఒకన్ని ఇన్‌ఫార్మర్ అని ప్రజాకోర్టు పెట్టినం తమ్మీ. చెయ్యి లేపినోళ్లల్ల నేనొకన్ని. వాని దిక్కు ఒక్క మాట ఎవ్వలు చెప్పలే. తర్వాత తెలిసింది, వాడు కాదని. అప్పటికే చంపినం."

ఓదార్పుకు లొంగే వ్యథ కాదది. ఆ అభాగ్యుడికి దక్కని న్యాయాన్ని పరాయిదేశంలో ప్రతివాడికీ దక్కించడానికే ఆ మహామనీషి తన శుక్రవారాలన్నీ ధారపోశారు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని అనను, ఆత్మను ఆయన నమ్మలేదు. చేతులు మాత్రం జోడిస్తున్నాను.

నిన్న రెండు గంటల దూరంలోని సహం నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. "జడ్జి సాబ్ లేడా?" అన్నాడు పెద్దవాడు. జరిగింది చెప్పాను. చిన్నవాడు చెప్పులు విప్పి అలాగే నిలబడిపోయాడు.

"మరి మాది ఎవలు ఇంటరన్నా?"

వాళ్లకేం చెప్పమంటారు, కొమురయ్యన్నా?