వెర్నా ట్విచెల్ కాగితాలు

వెర్నా ట్విచెల్ ఇరవై రెండేళ్ళు బార్‌స్టో దగ్గర హైవే పక్క హోటల్లో పెనం ముందు నిలబడి గుడ్లు వేసింది. ఆ తరువాత పంతొమ్మిదేళ్ళు నిప్పు ముట్టలేదు. ఆమె జీవితమంతా ఈ రెండు ముక్కల్లో ఉందని మా ఇంటికి వచ్చే అతిథులకు చెప్పేవాళ్ళు. ఆమె మాత్రం, "మధ్యలో రెండు పెళ్ళిళ్ళు కూడా ఉన్నాయి, వాటి సంగతి ఎవరూ అడగరేం?" అనేది.

మా ఇల్లంటే ఫాల్‌బ్రూక్ కొండల్లో, అవకాడో తోటల నడుమ ఉన్న జీవాహార గృహం, వండని పచ్చి తిండితోనే రోగాలు నయమవుతాయని నమ్మేవాళ్ళ చోటు. మా అమ్మ మూడు వారాల చికిత్సకని వచ్చి, అక్కడే గుమాస్తాగా కుదిరిపోయింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వెర్నా వంటింట్లో ఎత్తుపీట మీద కూర్చుని బాదంపప్పుల తొక్కలు తీస్తూ నేను పెద్దదాన్నయ్యాను. ఆ వంటింట్లో పొయ్యి లేదు. నానేవి, మొలకెత్తేవి, పులిసేవి, ఆరేవి తప్ప ఉడికేవేవీ లేవు. అవిసెగింజల రొట్టెలు ఆరబెట్టే పెట్టె ముల్లు నూటపద్దెనిమిది ఫారన్‌హీట్ డిగ్రీలు దాటితే ఎంజైములు చచ్చిపోతాయని వెర్నా దాని ముందు కాపలా ఉండేది. పెట్టెలోంచి పళ్ళెం తీసేటప్పుడు మాత్రం, అది గోరువెచ్చగా ఉన్నా, ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేది. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. బుద్ధి మరిచినా ఆ చేతులు పెనాన్ని మరవలేదు.

ఆమె వచ్చిననాడు మెట్లెక్కలేని మనిషి. మోకాళ్ళు వాచి, రోజుకు పదిరకాల మాత్రలు మింగేది. మూడు నెలలు గోధుమగడ్డి రసం, మొలకలు, పచ్చి ఆకులు తీసుకున్నాక కొండ మీది నీళ్ళతొట్టి దాకా నడిచింది. నేను వెనకే నడిచాను కాబట్టి చూశాను. ఆ మెరుగు నిజం. దాన్ని నేను ఈనాటికీ కాదనను. చిక్కంతా అక్కడినుంచే మొదలైంది.

వంటింటి తొట్టి పక్కన గోడకు ఒక బెండు పలక ఉంటుంది. పొద్దున్నే లేచి అందరూ మొదటి మూత్రంలో పరీక్ష కాగితం ముంచి, ఆరబెట్టి, తమ పేరు కింద గుచ్చాలి. పసుపైతే ఆమ్లం, ఆకుపచ్చైతే క్షారం, నీలమైతే ఇంకా పైమెట్టు. ఎవరిదైనా ముందురోజు కంటే ముదిరితే, ఇంటి పెద్ద వెండెల్ ప్రూట్ ఫలహారం దగ్గర గాజు సీసా మీద చెంచాతో మూడుసార్లు కొడతాడు. అందరూ చప్పట్లు కొడతారు. చిన్నప్పుడు ఆ మోత కోసం నేను పాలకూర రసం ముక్కు మూసుకుని తాగేదాన్ని. వెర్నా కాగితం పంతొమ్మిదేళ్ళూ ఆకుపచ్చ దగ్గరే ఆగింది. "నీలం నా మొహానికి రాసిపెట్టలేదులే" అనేది నవ్వుతూ. కానీ రోజూ చూసుకునేది.

నాలుగేళ్ళ క్రితం నాకు వకాలతు పట్టా చేతికొచ్చిన వారంలోనే ఆమె నన్ను పిలిచింది.

"లాయరమ్మా, నీకు బోణీ నేనే చేస్తా. కూర్చో, రాయి."

"ఏం రాయమంటావు?"

"నన్ను మందులకి అప్పజెప్పకూడదని. మా అమ్మకి ఆఖరి పదిరోజులూ ఒంటినిండా గొట్టాలే. ఏవేవో ఎక్కించారు. ఆవిడ వద్దంటే ఎవరు విన్నారు?"

"నీకు స్పృహ లేనప్పుడు నీ తరఫున ఎవరు మాట్లాడాలి?"

"ఇంకెవరు, నువ్వే. వాదనలో ఎవరికీ లొంగవు కదా, పొట్టిదానా."

మనిషి శరీరం మీద మనిషికే హక్కు అన్నది నేను చదివిన చదువులో నాకు అన్నిటికన్నా పవిత్రమైన వాక్యం. ఏ వైద్యుడూ ఏ బంధువూ దూరలేనంత బిగువుగా ఆ పత్రం రాశాను. నొప్పి తెలియకుండా చేసే మందు ఒక్కటి మినహాయించాను. సందిగ్ధం మిగలకూడదని నేనే అడిగాను: "సూక్ష్మజీవుల్ని చంపే మందులు కూడా వద్దా?" ఆమె కాసేపు ఆలోచించి, "అవి లోపల బతికున్నవాటినన్నిటినీ చంపుతాయి. వద్దు" అంది. ఆ ముక్క కూడా చేర్చాను. అడగకపోతే ఆమెకు తోచేదే కాదు.

ఈ మార్చి నెల మొదట్లో ఒక సోమవారం పొద్దున అమ్మ నాకు ఫోన్ చేసింది. వెనకాల చప్పట్లు వినిపిస్తున్నాయి. "వెర్నాకి నీలం వచ్చిందే!" అంది. "మామూలు నీలం కాదు, సిరా నీలం. వెండెల్ మూడు కాదు, తొమ్మిదిసార్లు కొట్టాడు సీసా."

మధ్యాహ్నానికి వెళ్ళాను. వెర్నా మంచంలో ఉంది. నడుము పట్టుకుని పక్కకి తిరిగి పడుకుని, ఒళ్ళు కాలుతున్నా మొహంలో వెలుగు.

"చూశావా పలక?"

"చూశాను. జ్వరమేంటి?"

"శుద్ధి. పాతవిషాలు కదులుతున్నాయి. వెండెల్ చెప్పాడు."

గదిలో ఘాటైన వాసన, నేల తుడిచే అమ్మోనియా నీళ్ళలాంటిది. పక్కతోటలో ఉండే ఒఫీలియా సాండోవాల్ అవకాడో బుట్టతో గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసిన మనిషి. ముక్కుతోనే రోగం చెప్పేస్తుందని మేం వేళాకోళం చేసేవాళ్ళం.

"మూత్రంలో మంట ఎన్నాళ్ళుగా?" అంది.

"నాకేం మంట లేదు" అంది వెర్నా.

"నా దగ్గర అబద్ధమాడకు. ఎన్నాళ్ళుగా?"

"...పదిరోజులు."

ఒఫీలియా బుట్ట కింద పెట్టింది. "ఇదిగో వెర్నా, సూటిగా చెప్తున్నా. ఆకులు తింటే ఆ కాగితం ఆకుపచ్చ దాకా వస్తుంది, నిజమే. ఇంత నీలం తిండి వల్ల రాదు. కంటికి కనపడని ఒక రకం పురుగు మూత్రంలో చేరితే అమ్మోనియా పుట్టిస్తుంది. అందుకే ఈ వాసన, అందుకే ఆ రంగు. నడుంనొప్పి అంటే మూత్రపిండాల దాకా పాకింది. ఇవాళే మందు పడాలి."

వెర్నా తలగడ మీద కాస్త లేచి కూర్చుంది. నమ్మిందనే అనుకున్నాను.

"మందు వేసుకుంటే ఆ రంగేమవుతుంది?"

"దిగుతుంది. దిగాలి."

"పంతొమ్మిదేళ్ళకి ఎక్కిన మెట్టు ఒక్క మాత్రతో దిగమంటావా?"

"అది మెట్టు కాదే తల్లీ, రోగం!"

"ఒఫీలియా, నీ కాయలు బాగుంటాయి. అవి ఇచ్చి వెళ్ళు."

ఆమె వెళ్ళిపోయాక నేను మంచం పక్కన కూర్చున్నాను. "వెర్నా, నీకిప్పుడు పూర్తిగా తెలివుంది. ఒక్క మాట అను, ఆ పత్రం చించేస్తాను."

"తెలివుందని నువ్వే అంటున్నావుగా?"

"అవును."

"మరి నా మాట విను" అని నా చెయ్యి తట్టింది. "బాగా రాశావు కదా. దిగులెందుకు?"

వెండెల్ మీద కోపం తెచ్చుకుందామని హాల్లోకి వెళ్ళాను. డెబ్భైనాలుగేళ్ళ మనిషి, ఆమె నుదుటికి వేయడానికి తడిగుడ్డ పిండుతున్నాడు.

"నువ్వు చెప్తే వింటుంది. చెప్పు" అన్నాను.

"ఏం చెప్పను? నాకూ వచ్చింది ఆ జ్వరం, ఎనభైతొమ్మిదిలో. తగ్గిపోలా?"

"నీది తగ్గింది. తనది పెరుగుతోంది."

"నేను ఎవర్నీ కట్టేయలేదమ్మా. గేటు తెరిచే ఉంది, కారుంది. వెళ్తానంటే నేనే తీసుకెళ్తా. వద్దన్న మనిషిని మోసుకుపోతే నేను చేసినా తప్పే, నువ్వు చేసినా తప్పే."

నా నమ్మకాన్ని అతను నా ముఖం మీదే పెట్టాడు. మా ఆఫీసులో పెద్ద న్యాయవాదికి ఫోన్ చేశాను.

"ఆవిడకి మతి స్థిమితంగా ఉందా?" అన్నాడు.

"ఉంది."

"అయితే నీకక్కడేం పని?"

"రేపు లేకపోతే?"

"పత్రమేదైనా ఉందా?"

"ఉంది."

"పకడ్బందీగా ఉందా? ఎవరు రాశారు?"

ఫోన్ పెట్టేశాను.

మంగళవారమంతా ఆమె గోధుమగడ్డి రసం చెంచాతో తాగుతూ, వాంతి చేసుకుంటూ, మళ్ళీ తాగింది. నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ వద్దంది. రెండోసారి విసుక్కుంది కూడా. "కోర్టులో కూడా ఇలాగే ఒక్కప్రశ్న వందసార్లు అడుగుతావా? పాపం జడ్జీలు."

బుధవారం పొద్దున పదిగంటలకు మాట పలవరింతలోకి మారింది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడటం లేదు. కుడిచెయ్యి దుప్పటి మీద అట్లకాడ పట్టినట్టు వంగి, ఏదో తిప్పుతోంది.

"రెండు గుడ్లు, తిరగెయ్యి! టోస్టు మాడుతోంది, చూడవేం? వేడి కాఫీ పట్రా, తొందరగా!"

వెండెల్ తల తిప్పుకున్నాడు. నేను మాత్రం మంచం మీదికి వంగాను. పంతొమ్మిదేళ్ళలో ఆమె నోట వేడి వస్తువు పేరు రాలేదు. వండిన తిండి కావాలని ఆమే అడిగితే, పాత నిశ్చయం వదులుకుందని వాదించవచ్చు. బలహీనమైన వాదనే. ఎదుటి వకీలుగా ఉంటే నేనే దాన్ని తునాతునకలు చేసేదాన్ని. అయినా పక్కన సాక్షి ఉన్నాడు, ఆమె మాట ఉంది. 'నాకు' అన్న ఒక్క పదం తక్కువ.

"వెర్నా, కాఫీ ఎవరికి? నీకేనా? నీకు కావాలా?"

చేతకాని పనిపిల్లను చూసినట్టు చూసింది. "నాకెందుకే? ఆరో టేబులుకి. లారీవాళ్ళు. ఎంతసేపు కూర్చోబెడతావు వాళ్ళని?"

"ఒక్క గుక్క నువ్వు తాగు వెర్నా. తాగుతానను."

"పనిలో ఉన్నా కనపడ్డంలా?" అని పెనం వైపు తిరిగింది.

పత్రం ప్రకారం నొప్పికి మందు ఇప్పించవచ్చు కాబట్టి అంబులెన్సును పిలిచాను. ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలు నేను రాసిన పేజీని నిలబడి రెండుసార్లు చదివింది.

"చాలామంది తేల్చకుండా రాస్తారు, మేం ఏదో ఒక దారి చూసుకుంటాం" అంది. "ఇందులో దారి లేదు. సూక్ష్మజీవుల్ని చంపే మందు పడితే బతికే అవకాశం ఇంకా ఉంది. ఆవిడ తరఫున మాట్లాడాల్సింది మీరేగా, ఊఁ అనండి."

"ఆమె ఏమంటుందో అదే నేను అనాలి. నాకు తోచింది అనడానికి లేదు."

"ఆవిడకి ఏం జరుగుతోందో తెలిసే వద్దందా?"

"తెలిసే అంది. నేను దగ్గరున్నాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. తరువాత నొప్పికి మాత్రమే మందు రాసి వెళ్ళిపోయింది. వెర్నా శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పోయింది. అప్పటిదాకా ఆ కుడిచెయ్యి మధ్యమధ్య కదులుతూనే ఉంది. నేను దాన్ని పట్టుకుంటే విడిపించుకుని మళ్ళీ తిప్పేది.

ఆదివారం ఫలహారం దగ్గర వెండెల్ ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాడు, ఏడ్చాడు, సీసా మీద చెంచాతో కొట్టాడు. ఈసారి చప్పట్లు లేవు. ఆమె కాగితాలన్నీ తీసి పెట్టెలో పెట్టారు, ఆఖరిది తప్ప. ఇంట్లో ఇంతవరకూ అంత ముదురు ఎవరికీ రాలేదని దాన్ని పలక నడిమధ్యకు జరిపారు.

నిన్న పొద్దున అమ్మను చూడటానికి వెళ్ళేసరికి, ఒరెగాన్ నుంచి వచ్చిన ఒకామె తొట్టి దగ్గర నిలబడి, ఇంకా తడి ఆరని తన కాగితాన్ని వెర్నా కాగితం పక్కన పెట్టి చూసుకుంటోంది.

"నాది ఇంకా ఆకుపచ్చగానే ఉంది" అంది నాతో దిగాలుగా.

అది పురుగు వల్ల వచ్చిన రంగని, వెర్నా ప్రాణం తీసింది అదేనని, ఆకుపచ్చగా ఉండటమే మంచిదని మొదటినుంచీ చెప్పాను. ఆమె మర్యాదగా చివరిదాకా విన్నది.

"మీరు ఆవిడకి బాగా దగ్గరివాళ్ళనుకుంటా. ఆ బాధలో అలాగే అనిపిస్తుంది" అని నా భుజం నిమిరి, కాగితాన్ని తన పేరు కింద గుచ్చి, గోధుమగడ్డి కోయడానికి కత్తెర అందుకుంది.