మునెమ్మత్త నూరు

ఈ వారం ఎదురింటివాళ్లు మామిడికాయలు మాగవేసినట్టున్నారు. తిరుపతిలో మేముండే మూడో అంతస్తంతా వరిగడ్డి వాసన. ఆ ఇంటి కోడలు తన బిడ్డను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోంది. "మీరూ అట్లే చదువుకున్నారంట కదా, బతకడానికి పనికొచ్చిందా?" అని మంగళవారం అడిగింది. నాలుగు రోజులయింది. ఇంకా ఆ లెక్కే వేసుకుంటున్నాను.

నా తొమ్మిదో ఏట కాలు విరిగింది. పుత్తూరు కట్టుతో లేచి నిలబడ్డాను గాని, మూడు మైళ్ల బడికి నడిపించడానికి నాయన ఒప్పుకోలేదు. మూడేళ్ల రెండు నెలలు ఇంట్లోనే ఉన్నాను. చదవడం, రాయడం నాయన నేర్పాడు. లెక్కలు మాత్రం మా మేనత్త మునెమ్మవి. ఇంటి ముందరి మామిడి మండీయే ఆమె బడి. రెండు చేతులతో కలిపి ఐదేసి కాయలు తీసి గంపలో వేయాలి. ఇరవై సార్లు వేస్తే నూరు. కుళ్లేవి ఉంటాయని, కొన్నవాడికి పైన ఇంకో ఐదు కొసరు. మా మండీలో నూరంటే నూటైదు కాయలు. పదమూడోసారో పద్నాలుగోసారో వేస్తుండగా అత్త కావాలనే, "ఏమ్మే, అన్నం తింటివా?" అనేది. బదులిస్తే లెక్క తప్పేది. "కడుపు నిండినాదిలే, మళ్లా మొదట్నించి ఎంచు," అని నవ్వేది.

పన్నెండు నిండాక అత్తే నన్ను చిత్తూరు బడికి తీసుకెళ్లింది. హెడ్మాస్టరు ఐదు లెక్కలిచ్చాడు. మూడు సరిగ్గా వస్తే ఏడో తరగతి, లేకుంటే ఐదో తరగతి. రెండు ఒప్పు, రెండు తప్పు. మిగిలింది మామిడికాయలది: గంపకు నూరు చొప్పున ఎనిమిది గంపలు, నలభై కుళ్లిపోయాయి, మిగిలినవెన్ని? ఎనిమిది వందలని రాశాను.

"ఏడువందల అరవై రావాలమ్మా," అన్నాడాయన.

అత్త ఊరుకోలేదు. "నూటికి ఐదు లెక్కన నలభై కొసరు యాడ పోయినాది సామీ? మీరు తినేసినారా?"

"లెక్కలో కొసరు లేదు."

"కొసరియ్యని మండీ యాడుండాది? సెప్పండి, పోయి సూసొస్తా."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే ఐదో తరగతి అని రాశాడు.

అత్త నన్ను బస్సెక్కించింది. కూర్చున్నాక, "నేనే సెడగొట్టినా మే నిన్ను. ఆ కొసరు మరిసిపో," అంది.

మరిచిపోయాను. ఆ వేసవి సెలవుల్లో మండీలో గంప నింపుతూ నూరు దగ్గర చేయి ఆపాను.

"కొసరేది మే?"

"నువ్వే గదత్తా మరిసిపొమ్మన్నావు."

"బడిలో మే! ఈడ గాదు. కొనేటాయన మొగం సూడు, ఎట్లుండాదో."

"బడి యాడ అయిపోతాది, మండీ యాడ మొదలవుతాదత్తా?"

అత్త ఐదు కాయలూ తనే వేసి పక్క గంపకు జరిగింది.

తర్వాత ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశాను. కాగితం మీద నా కూడిక ఒక్కటీ తప్పలేదు. మనుషులతోనే తికమక. ఎవరైనా ఒక మాట చెబితే, అది ఉన్నదున్నట్టు తీసుకోవాలో, పైన ఇంకొంచెం కలుపుకోవాలో ముఖం చూసి పోల్చుకోవాలని చూస్తాను. సగం సార్లు తప్పుతాను.